అర్ధరాత్రి దాటాక న్యూయార్క్ ‘ఇ’ ట్రైన్: బిట్రగుంట గార్డు రివ్యూ

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి వచ్చిన మనవాళ్ళు న్యూయార్క్ సబ్‌వే గురించి చెప్పేవన్నీ పగటి కబుర్లే. టైమ్స్ స్క్వేర్‌కి ఎట్లా పోయాం, ఏ స్టేషన్‌లో ఎలకను చూశాం, ఇట్లాంటివి. రాత్రి పన్నెండు దాటాక అదే సబ్‌వే ఇంకో రకంగా నడుస్తుంది. దాని సంగతి రాద్దామని కూర్చున్నా. నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. 2022 నుంచి ఆ పోస్టును ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ నెల్లూరు దగ్గర మా బిట్రగుంట స్టేషన్ బయట టీ కొట్టులో నేనింకా గార్డు గారినే. కాబట్టి ఈ రివ్యూలో ప్రయాణికుడి మాటలు కొన్ని, డ్యూటీ చేసినవాడి మాటలు కొన్ని కలిసిపోతాయి. ఏమీ అనుకోవద్దు.

మా అమ్మాయి న్యూయార్క్ నడిబొడ్డయిన మాన్‌హట్టన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో సాయంత్రం షిఫ్టు చేస్తుంది. ఇల్లు అదే ఊళ్ళో ఇంకో భాగమైన క్వీన్స్‌లో, ఫారెస్ట్ హిల్స్ 71 అవెన్యూ స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం. షిఫ్టు అయ్యేసరికి అర్ధరాత్రి. అల్లుడు కొన్ని రోజులు ఎదురుపోయి తీసుకొస్తాడు. నాకెట్లాగూ నిద్ర పట్టదు. గూడ్సు బండి వెనక బ్రేక్‌వ్యానులో తెల్లవార్లూ కూర్చున్న ఒళ్ళు ఇది. “మావయ్యా, మీరు పడుకోండి, నేను పోయొస్తా” అని అతనంటాడు, నేను అప్పటికే చెప్పులు వేసుకుని ఉంటాను. 2025 ఎండాకాలమంతా నా నైట్ డ్యూటీ అట్లా నడిచింది.

ముందు లైను సంగతి. ‘ఇ’ ట్రైన్ క్వీన్స్‌లో జమైకా సెంటర్ దగ్గర బయలుదేరి మాన్‌హట్టన్ కొసన వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా పోతుంది. మొత్తం భూమి కిందే. ఎక్కడా పైకి వచ్చి ఆకాశం చూడదు. పది పెట్టెల రేకు (పెట్టెలన్నీ కలిపిన బండిని మేం రేకు అంటాం), 600 అడుగులు. పగలు ఇది క్వీన్స్‌లో ఎక్స్‌ప్రెస్. ఫారెస్ట్ హిల్స్‌లో కదిలితే రూజ్‌వెల్ట్ అవెన్యూలో ఆగుతుంది, అక్కడ కదిలితే క్వీన్స్ ప్లాజాలో ఆగుతుంది. మధ్యలో వచ్చే చిన్న స్టేషన్లను ఆర్, ఎం అనే లోకల్ బళ్ళు చూసుకుంటాయి.

రాత్రి ఆ ఆర్ గానీ, ఎం గానీ ఈ లైను మీదికి రావు. మరి చిన్న స్టేషన్ల వాళ్ళ గతేంటి? ‘ఇ’ బండే లోకల్ అయిపోతుంది. 67 అవెన్యూ, 63 డ్రైవ్, వుడ్‌హేవెన్ బులెవార్డ్, గ్రాండ్ అవెన్యూ, ఎల్మ్‌హర్స్ట్ అవెన్యూ, రూజ్‌వెల్ట్. ఆ తర్వాత 65 స్ట్రీట్, నార్తర్న్ బులెవార్డ్, 46 స్ట్రీట్, స్టైన్‌వే, 36 స్ట్రీట్, అప్పుడు క్వీన్స్ ప్లాజా. అంటే పగలు ఆగని పది స్టేషన్లలో రాత్రి ఆగుతుంది. ఒక్కోదానికి నిమిషం వేసుకున్నా పది నిమిషాలు అదనం. ‘ఎఫ్’ బండి కూడా అంతే, పగలు ఎక్స్‌ప్రెస్, రాత్రి లోకల్.

బండి పేరు మారదు, రంగు మారదు. అదే నీలం గుండ్రంలో అదే అక్షరం. మన దగ్గరైతే ఎక్స్‌ప్రెస్‌ను పాసింజరుగా మారిస్తే నంబరు మారుతుంది, టైంటేబుల్లో వేరే వరుసలోకి పోతుంది, పేపర్లో ప్రకటన వస్తుంది. అక్కడ గడియారం పన్నెండు దాటితే చాలు, అదే బండికి ఇంకో స్వభావం వచ్చేస్తుంది. పగలు అలవాటైనవాళ్ళు రాత్రి ఎక్కితే ‘ఇదేంది, ఇక్కడెందుకు ఆగింది, తప్పు బండెక్కామా’ అని టెన్షన్ పడేది ఇందుకే. మా ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు ప్రతి స్టేషన్‌కీ లేచి నిలబడింది.

ఎందుకిట్లా చేస్తారన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. క్వీన్స్ బులెవార్డ్ కింద నాలుగు లైన్లు, అంటే నాలుగు జతల పట్టాలు, పక్కపక్కనే ఉన్నాయి. అంచుల రెండూ లోకల్‌వి, మధ్య రెండూ ఎక్స్‌ప్రెస్‌వి. రాత్రి బళ్ళన్నీ అంచులకు పోతే మధ్య లైన్లు ఖాళీ అవుతాయి. అప్పుడు పట్టాల పనివాళ్ళ గ్యాంగు దిగుతుంది. పట్టా మార్చాలన్నా, కేబుల్ వేయాలన్నా, సిగ్నల్ సరిచేయాలన్నా అక్కడ చేసుకుంటారు. కొన్ని చోట్ల ఖాళీ రేకులు కూడా అట్లాంటి మధ్య లైన్ల మీదే తెల్లారేదాకా నిలబడి ఉంటాయి. యార్డుల్లో అంత చోటు లేదు మరి. బిట్రగుంటలో అంత పెద్ద యార్డు చూసి పెరిగినవాడికి ఇది కొంచెం జాలి కలిగించే విషయమే.

రెండే లైన్లున్న మెట్రోకు ఈ సౌకర్యం ఉండదు. నెల్లూరు నుంచి పోయి చెన్నై సెంట్రల్‌లో అర్ధరాత్రి దిగితే మెట్రో దొరకదు, ఆటో వాడు అడిగినంత ఇచ్చుకోవాల్సిందే. అది వాళ్ళ బద్ధకం కాదు. రెండు లైన్ల మీదా తెల్లారి నుంచి బళ్ళు తిరిగితే పట్టాలు చూసుకోవడానికి మిగిలేది ఆ నాలుగైదు గంటలే. లండన్‌లో కూడా రాత్రి బళ్ళు 2016 ఆగస్టులోగానీ మొదలవలేదు, అదీ శుక్ర, శనివారం రాత్రులు, కొన్ని లైన్ల మీదే. న్యూయార్క్‌లో 1904లో తొలి సబ్‌వే కట్టినప్పుడే చాలా దూరం నాలుగు లైన్లు వేసుకున్నారు. ఈ క్వీన్స్ బులెవార్డ్ లైను తొలి ముక్కను 1933లో తెరిచారు, అదీ అదే పద్ధతి. అప్పటివాళ్ళ ముందుచూపు మా అమ్మాయిని ఇప్పుడు ఇంటికి చేరుస్తోంది.

ఇదంతా టీ కొట్టులో చెబితే మా పాత డ్రైవరు మిత్రుడు ఒప్పుకోలేదు. “మన నెల్లూరు మీద రాత్రి రెండింటికి ఎన్ని బళ్ళు పోవడంలా? అదేం గొప్పబ్బా?” అన్నాడు. నిజమే, విజయవాడ–గూడూరు సెక్షన్‌కి రాత్రి అన్నదే లేదు. కానీ మన లైను మీద పని జరగాలంటే బ్లాకు తీసుకోవాలి, అంటే కాసేపు ఆ లైను మీద బళ్ళు ఆపించాలి, ఆ బ్లాకు ఇప్పించుకోవడానికి ఇంజినీరింగ్ వాళ్ళు కంట్రోలు చుట్టూ తిరగాలి. రెండే లైన్లున్న చోట ఒకటి మూస్తే రెండో దాని మీద సింగిల్ లైన్ వర్కింగు, రెండు దిక్కుల బళ్ళూ దాని మీదే. మొదటి బండికి 25 కిలోమీటర్ల వేగం, చేతిలో కాగితాలు, వెనకాల వరసగా నిలబడిపోయిన బళ్ళు. న్యూయార్క్‌లో పక్కనే ఇంకో లైను ఖాళీగా ఉంటుంది గనక బండిని పక్కకు తిప్పి, పని జరిగేచోట మెల్లగా హారన్ కొట్టుకుంటూ పోతారు. కిటికీలోంచి చూస్తే మనుషులు గోడకు ఒదిగి నిలబడి ఉంటారు, తలకు లైట్లు, ఒంటికి మెరిసే జాకెట్లు. మా గ్యాంగుమన్లు గుర్తొచ్చారు. నేను చెయ్యి ఊపితే ఒకాయన తిరిగి ఊపాడు. అల్లుడు నవ్వి ఊరుకున్నాడు.

బళ్ళ మధ్య ఎడం రాత్రి 20 నిమిషాలు. పగలు నాలుగైదు నిమిషాలకొకటి చూసినవాళ్ళకు ఇది చాలా ఎక్కువనిపిస్తుంది. నాకేమీ అనిపించలేదు. పైగా 71 అవెన్యూ నుంచి రూజ్‌వెల్ట్ దాకా ‘ఇ’, ‘ఎఫ్’ రెండూ అవే స్టేషన్లలో ఆగుతాయి గనక ఆ ముక్కలో సగటున పది నిమిషాలకు ఏదో ఒకటి దొరుకుతుంది. రాత్రి బళ్ళకు నిమిషాలతో సహా టైంటేబుల్ ఉంది. పగలు దాన్ని ఎవరూ చూడరు, రాత్రి తప్పకుండా చూడాలి. స్టేషన్‌లోకి దిగి ఎదురుచూడటం కన్నా టైం చూసుకుని ఇంట్లో బయలుదేరడం మేలు, ముఖ్యంగా ఎండాకాలంలో. బండి లోపల ఏసీ చల్లగా ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద మాత్రం మన మే నెల ఉక్కపోత.

ఇక అసలు తిరకాసు. కొన్ని రాత్రులు, వారాంతాల్లో మరీనూ, పని అంచు లైను మీద పెట్టుకుంటారు. అప్పుడు ఆ దిక్కుకు పోయే బళ్ళన్నీ మధ్య లైను మీద ఎక్స్‌ప్రెస్‌గా పోతాయి, చిన్న స్టేషన్లలో ఆగవు. రెండో దిక్కు బళ్ళు మామూలుగా ఆగుతాయి. అమ్మాయి స్నేహితురాలు ఒకామె 63 డ్రైవ్ దగ్గర ఉంటుంది. మాన్‌హట్టన్ నుంచి వచ్చేటప్పుడు అట్లాంటి రాత్రి తగిలితే, ఆమె బండి రూజ్‌వెల్ట్ నుంచి నేరుగా ఫారెస్ట్ హిల్స్‌కి వచ్చేస్తుంది. ఆమె మాతోపాటు దిగి, మెట్లెక్కి, అవతలి ప్లాట్‌ఫాంకి దిగి, మాన్‌హట్టన్ వైపు బండెక్కి రెండు స్టేషన్లు వెనక్కి పోవాలి. మళ్ళీ టికెట్టు అక్కర్లేదు గానీ నిద్రమొహంతో ఇంకో ఇరవై నిమిషాలు పోవచ్చు. నెల్లూరులో సూపర్‌ఫాస్ట్ ఎక్కి, బిట్రగుంటలో ఆగక కావలిలో దిగి, అక్కడ పాసింజరు పట్టుకుని వెనక్కి వచ్చిన రోజులు మా ఊళ్ళో అందరికీ తెలుసు. అచ్చం అదే. కాకపోతే న్యూయార్క్‌లో ఆ వెనక్కి రావడాన్ని రైల్వే వాళ్ళే పోస్టరు వేసి మరీ చెబుతారు, ‘ఇట్లా పోయి ఇట్లా రండి’ అని.

ఆ పోస్టర్ల గురించి నా ఫిర్యాదు ఉంది. కాగితం మీద అన్నీ రాస్తారు, తేదీలు, గంటలు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా, అన్నీ. కానీ ఆ రాసేది ఊరు తెలిసినవాడికి. ‘జమైకా వైపు’ అంటే ఎటో తెలియనివాడికి ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. గోడ మీద వేలాడే పెద్ద మ్యాపు పగటి సర్వీసుది. 2025 ఏప్రిల్‌లో దాన్ని గీతల బొమ్మలాగా కొత్తగా మార్చారు, చూడటానికి శుభ్రంగా ఉంది, అయినా అది పగటిదే. రాత్రి సర్వీసుకు 2012 నుంచి వేరే మ్యాపు ఉంది. మీరు పోయేది రాత్రయితే ఆ రెండోది ఫోనులో దించుకోండి. నా ఫోనులో ఉన్న ఒక మ్యాప్ యాప్ మాత్రం ఒక రాత్రి రాని బండికి కూడా నిమిషాలు లెక్కపెట్టి చూపించింది. ఏ కంపెనీదో చెప్పను. అప్పటి నుంచి అల్లుడి ఫోనే చూశాం.

బండి లోపల సమాచారం చాలా నయం. తలుపు పక్కన వరసగా స్టేషన్ల పేర్లు వెలుగుతుంటాయి, వచ్చే పది స్టేషన్లు కనపడతాయి. ఇది లోకల్ అని రికార్డు గొంతు కూడా చెబుతుంది. ఇంగ్లీషు అందకపోయినా ఆ వెలిగే వరుస చూసుకుంటే చాలు. మా ఆవిడ లేచి నిలబడటం మానేసింది ఆ బోర్డు చూడటం నేర్చుకున్నాకే.

కండక్టరు గురించి రాయకపోతే నా ఉద్యోగానికి ద్రోహం. మన గార్డు వెనక కొసన ఉంటాడు. అక్కడ రేకు మధ్యలో ఉంటాడు, టికెట్లతో సంబంధం లేదు, తలుపులు తియ్యడం, మూయడం, బండి బాధ్యత. ప్రతి ప్లాట్‌ఫాం మధ్యలో నలుపు తెలుపు చారల బోర్డు ఒకటి పైనుంచి వేలాడుతుంది. బండి ఆగగానే కండక్టరు కిటికీలోంచి చూపుడువేలు ఆ బోర్డుకేసి చూపించాలి. అది తన ఎదురుగా ఉంటేనే పది పెట్టెలూ ప్లాట్‌ఫాం మీదున్నట్టు లెక్క, అప్పుడే తలుపులు తియ్యాలి. రాత్రి రెండు గంటలకు, ప్లాట్‌ఫాం మీద మేం ముగ్గురం తప్ప ఎవరూ లేనప్పుడు కూడా, వేలు చూపించాకే తలుపులు తెరుచుకున్నాయి. ఖాళీ స్టేషన్‌లో నేను పచ్చదీపం ఊపిన రాత్రులెన్నో. ఎవరు చూస్తున్నారని కాదు, ఊపకపోతే చెయ్యి ఊరుకోదు. ఆ కండక్టరమ్మను చూస్తే అదే అనిపించింది.

ఇందులోనే పనికొచ్చే సలహా ఒకటుంది. రాత్రి ఎప్పుడూ మధ్య పెట్టె ఎక్కండి. ప్లాట్‌ఫాం మీద రాత్రి వేళల్లో నిలబడాల్సిన చోటని పసుపు రంగు బోర్డు కూడా ఉంటుంది, అక్కడే ఆగండి. కొస పెట్టెల్లో చోటు ఎక్కువుందని ఆశపడి అటు పోవద్దు.

భద్రత సంగతి అందరూ అడుగుతారు. కావలిలో మా వియ్యపురాలు ముందుగా అడిగిందే అది. ఉన్నదున్నట్టు రాస్తున్నా. ‘ఇ’ ట్రైన్ మొత్తం భూగర్భంలో నడుస్తుంది గనక చలికి, వానకు తావు లేదు, ఈ కొస నుంచి ఆ కొసకు పోయే దూరం కూడా ఎక్కువే. అందుకని ఇల్లు లేనివాళ్ళు రాత్రంతా ఇందులో నిద్రపోతారు. ఆ ఊరంతటికీ తెలిసిన విషయం ఇది. చూసినప్పుడు మనసు పాడవుతుంది. భయపడాల్సింది మాత్రం నాకేమీ కనపడలేదు. మిగతావాళ్ళంతా డ్యూటీ మనుషులే: హోటళ్ళలో వంట చేసేవాళ్ళు, నర్సులు, సెక్యూరిటీ వాళ్ళు, ఆఫీసులు శుభ్రం చేసే ఆడవాళ్ళు, సగం మంది కళ్ళు మూసుకుని తమ స్టేషన్ రాగానే అదేదో అలారం మోగినట్టు లేచి దిగిపోతారు. 2025 జనవరిలో ఆ రాష్ట్ర గవర్నరు రాత్రి 9 నుంచి తెల్లారి 5 దాకా తిరిగే ప్రతి బండికీ ఇద్దరు పోలీసులను పెడుతున్నట్టు ప్రకటించారు. మేం ఎక్కిన బళ్ళలో చాలాసార్లు కనపడ్డారు. బండి వచ్చాక ఒక పెట్టె మాత్రమే పూర్తిగా ఖాళీగా, మిగతావి నిండుగా ఉంటే, ఆ ఖాళీ పెట్టె ఎక్కొద్దు. ఖాళీ కావడానికి కారణమేదో లోపలుంటుంది, ఎక్కువసార్లు అది ఏసీ పనిచేయకపోవడమో, వాసనో.

ఈ రాత్రి బళ్ళ విలువ ఊరి జనానికి తెలిసొచ్చింది కరోనాలో. 2020 మే 6 నుంచి రాత్రి ఒంటిగంట మొదలు ఐదింటి దాకా శుభ్రం చేయడానికని ప్రయాణికులకు మూసేశారు. 2021 ఫిబ్రవరిలో ఆ మూత రెండు నుంచి నాలుగింటికి తగ్గింది, మే 17న మళ్ళీ ఇరవైనాలుగు గంటలూ తెరిచారు. మూసిన ఆ గంటల్లో కూడా బళ్ళు ఖాళీగా తిరిగాయట. మా అల్లుడికి ఇది విచిత్రం. నాకు కాదు. అన్నీ ఒకేసారి నిలపాలంటే చోటుండాలి, తెల్లారి ఒకేసారి బయలుదేరదీయాలంటే మనుషులు ఆయా చోట్ల ఉండాలి. తిరిగే బండిని తిరగనివ్వడమే సులువు.

చార్జీ విషయంలో మాట్లాడటానికేమీ లేదు. ఎంత దూరమైనా ఒకటే, రాత్రీ పగలూ ఒకటే. మేమున్నప్పుడు 2.90 డాలర్లు, 2026 జనవరి నుంచి 3 డాలర్లు. పాత పసుపు టికెట్ కార్డులు 2025తో అమ్మడం ఆపేశారు, ఇప్పుడు బ్యాంకు కార్డో ఫోనో గేటుకు తాకిస్తే సరిపోతుంది. ఒకే కార్డును మనిషికోసారి తాకించి ఇంటిల్లిపాదీ పోవచ్చు. అల్లుడి కార్డుతో మేమట్లాగే పోయాం, పెద్దరికం చూపించుకోవడానికి నేను జేబులో చెయ్యి పెట్టేలోపే అతను తాకించేవాడు.

మార్కులు అడిగితే, బళ్ళు నడిపే పద్ధతికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గిందంటే 20 నిమిషాలకు బదులు 15 పెట్టొచ్చని నా అభిప్రాయం, ఆ మధ్యరాత్రి పెట్టెల్లో నిలబడి పోయేవాళ్ళను కూడా చూశాను. కొత్తవాళ్ళకు చెప్పే తీరుకు రెండున్నర. లిఫ్టుల విషయానికి రెండు, ఎందుకంటే ఫారెస్ట్ హిల్స్‌లో, రూజ్‌వెల్ట్‌లో ఉన్నాయి గానీ ఆ ఊరి 472 స్టేషన్లలో ఎక్కువ వాటికి ఇంకా లేవు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రాత్రి దారి మార్చాల్సి వస్తే, ఏ స్టేషన్‌లో దిగుతున్నారో ముందే చూసుకోవాలి.

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పోయే అమ్మానాన్నలకు ఇంకొక్క మాట. జేఎఫ్‌కే విమానాశ్రయంలో రాత్రి దిగితే, ఎయిర్‌ట్రైన్‌లో జమైకాకు వచ్చి సట్ఫిన్ బులెవార్డ్‌లో ఈ ‘ఇ’ బండే ఎక్కొచ్చు, ఆ వేళప్పుడు కూడా దొరుకుతుంది. చేతిసంచులే అయితే హాయిగా రండి. కానీ మనం అట్లా పోముగా. రెండేసి 23 కిలోల పెట్టెలు, ఆవకాయ జాడీలు, గోంగూర పొడి, పైన మనవడికని తాడుతో కట్టిన చెక్కబొమ్మ. వాటితో ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగే బండిలో, నిద్రపోయేవాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ రావడం ఎవరికీ మర్యాద కాదు. ఆ ఒక్క రాత్రికి అల్లుడికి ఫోను చేసి కారు తెమ్మనండి.